గోలీలు ఎప్పుడు ఆపాలి? ఎవరు చెప్పాలి?

మా క్యాంపులో ప్రతి మంచం తలాపున ఒక చిన్న అర ఉంటుంది. దాని మీద సెల్లు ఛార్జరు, జండూబామ్ సీసా, ఇంటి ఫొటో, పక్కనే గోలీల కవరు. బీపీ గోలీలు, షుగర్ గోలీలు, గ్యాస్ గోలీలు. ఎవరు ఏ గోలీ మింగుతున్నారో రూమంతా తెలుసు. తలనొప్పి వస్తే ఒకరి కవర్లోది ఇంకొకరు అడిగి మింగడం కూడా ఉంది. రెండేళ్ల కింద మా రూముల్లోకి కొత్త గోలీ ఒకటి వచ్చింది. రక్తం పల్చబడే గోలీ. దాని గురించే ఈ నాలుగు మాటలు.

మేం డాక్టర్లం కాదు. సివిల్ డిప్లొమా చేసి షార్జా, దుబాయ్ సైట్ల మీద సూపర్‌వైజర్లుగా పనిచేస్తున్నవాళ్లం. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు వాళ్లం. మా కింద పనిచేసే ఒక తమ్ముడి ప్రాణం మీదికి వచ్చాక, అందులో మా తప్పు కూడా కొంత ఉందని అర్థమయ్యాక, డాక్టర్ల వెంటపడి అడిగి తెలుసుకున్న సంగతులివి. పేర్లు రాయడం లేదు. చదివితే ఎవరికి వాళ్లు గుర్తుపట్టుకుంటారు.

మొదట గోలీ తెచ్చింది మా షటరింగ్ కార్పెంటర్ అన్న. నిచ్చెన మీంచి జారి కాలి ఎముక విరిగింది. పిండికట్టు వేశారు. మంచం మీదే ఉన్నాడు. అయిదో వారంలో పట్టీ పైన తొడ దాకా వాచిపోయింది. కట్టు బిగుతైందేమో అనుకున్నాం. ఆస్పత్రిలో డాప్లర్ స్కాన్ తీస్తే కాలి సిరలో రక్తం గడ్డకట్టిందని తేలింది. మూడు నెలలు గోలీలు వాడాడు. తర్వాత డాక్టరు చూసి, కట్టు తీసేశారు, నడుస్తున్నావు, ఇక చాలు అన్నారు. ఆపేశాడు. ఈ రోజు దాకా బాగానే ఉన్నాడు.

ఆరు నెలల తర్వాత అదే రూములో స్టీల్ ఫిక్సర్ తమ్ముడు. వయసు 35. దెబ్బ లేదు, ఆపరేషన్ లేదు, మంచం పట్టింది లేదు, దూర ప్రయాణం లేదు. పొద్దున లేచేసరికి ఎడమ పిక్క రాయిలా బిగుసుకుంది. ఎండలో పనిచేసేవాళ్లకు కండలు పట్టడం మామూలే కదా అని ఉప్పేసిన నిమ్మకాయ నీళ్లు తాగమన్నాం. అలా చెప్పింది మేమే. మూడు రోజులకు కాలు రెండింతలైంది. స్కాన్‌లో మోకాలి పైదాకా గడ్డ. డాక్టరు గోలీలు రాసి, మూడు నెలల తర్వాత రా, అప్పుడు చూద్దాం అన్నారు.

‘మూడు నెలల తర్వాత రా’ అన్న మాట మా తమ్ముడికి ‘మూడు నెలలు మింగు’ అని వినబడింది. పక్క మంచం మీద కార్పెంటర్ అన్న ఉన్నాడాయె. ‘నాకూ మూడు నెలలే తమ్మీ, నీకు మాత్రం ఎక్కువెందుకు’ అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. రూముల్లో మన వైద్యమంతా ఇట్లాగే కదా నడిచేది.

ఇంకా రెండు మూడు సంగతులు కలిసొచ్చాయి. ఊర్లో ఉన్న బావమరిది ఫోన్ చేసి ‘అది ఎలుకల మందంట, వాట్సాప్‌లో వచ్చింది’ అన్నాడు. అందులో సగం నిజమే. రక్తం పల్చబడే మందుల్లో పాతదైన వార్ఫరిన్‌ను 1948లో అమెరికాలో ఎలుకల మందుగానే మొదట అమ్మారు. కానీ తర్వాత కొద్ది ఏళ్లకే అది మనుషులకు మందైంది. 1955లో గుండెపోటు వచ్చినప్పుడు అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు కూడా అదే ఇచ్చారు. ఎంత మోతాదన్నదే అసలు సంగతి. పైగా మా తమ్ముడు మింగేది వార్ఫరిన్ కూడా కాదు, రివరోక్సాబాన్ అనే కొత్త మందు. బావమరిదికి అంత తేడా ఎక్కడ తెలుస్తుంది?

నాలుగో నెలలో సెలవు టికెట్ పడింది. చేతిలో గోలీలు అయిపోయాయి. కాలు వాపు తగ్గింది, నొప్పి లేదు. ఇంటికి వెళ్లేటప్పుడు రోగం మూటగట్టుకుని పోవడం ఎవరికి ఇష్టం?

ఇక మా సంగతి. గోలీ మీద ఉన్న మనిషిని స్కాఫోల్డింగ్ ఎక్కించొద్దని సేఫ్టీ ఆఫీసరు అన్నాడు. న్యాయమే. రక్తం పల్చబడినవాడు పైనుంచి పడి తలకు దెబ్బ తగిలితే లోపల రక్తం ఆగదు. అందుకని అతన్ని కింద యార్డులో పెట్టాం. కింద ఓటీ లేదు. మా దగ్గర బేసిక్ జీతంతో మెస్ ఖర్చు, ఫోన్ ఖర్చు పోతే, ఇంటికి పంపేది ఓటీయే. మేం వారం వారం ‘ఇంకెన్నాళ్లు తమ్మీ ఈ గోలీలు?’ అని అడిగేవాళ్లం. మనిషి కొరత ఉంది, స్లాబ్ తేదీ దగ్గరపడుతోంది, అందుకే అడిగాం. అతనికి మాత్రం ‘ఎప్పుడు ఆపుతావు’ అన్నట్టే ఉండింది. సెలవు నుంచి తిరిగొచ్చి ‘అయిపోయినయి అన్నా, ఆపిన్రు’ అన్నాడు. ఎవరు ఆపారని మేం అడగలేదు. పైకి ఎక్కించాం.

ఏడు నెలలకు, రాత్రి కాంక్రీటు పోస్తుండగా నాలుగో ఫ్లోర్ మెట్లెక్కుతూ కూలబడ్డాడు. ఊపిరి అందడం లేదు, గాలి పీలిస్తే ఛాతీలో పొడుస్తోందన్నాడు. గ్యాస్ అనుకుని ఒకరు ఈనో కలిపారు. ఫోర్‌మన్ ఒక్కడు మాత్రం పెదాలు నల్లబడ్డాయి చూడండంటూ 998కి ఫోన్ కొట్టాడు. సీటీ తీస్తే రెండు ఊపిరితిత్తుల్లోనూ గడ్డలు. కాలిలో మళ్లీ పుట్టిన గడ్డ ముక్కలై రక్తంలో పైకి ప్రయాణం చేసిందన్నారు. బతికాడు. చెల్లెలి పెళ్లి ఆ ఏడు జరగలేదు.

అప్పుడు డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి హిందీలో, మలయాళం యాసలో, ఓపిగ్గా చెప్పాడు. ఆ మాటలు మొదటి రోజే విని ఉంటే ఎంత బాగుండేదో.

మొదటి సంగతి, ఈ గోలీ గడ్డను కరిగించదు. కరిగించుకునేది మన ఒళ్లే, మెల్లమెల్లగా. గడ్డ పెరగకుండా, కొత్తది పుట్టకుండా కాపలా కాయడం గోలీ పని. మొదటి మూడు నెలలు ఎవరికైనా తప్పవు. అది వైద్యం. మూడు నెలల తర్వాత మింగేది వైద్యం కాదు, మళ్లీ రాకుండా ముందుజాగ్రత్త. అది కావాలా వద్దా అన్నదే అసలు నిర్ణయం. దానికి జవాబు ‘గడ్డ ఎందుకొచ్చింది’ అన్నదాంట్లో ఉంటుంది.

కార్పెంటర్ అన్నకు కారణం కళ్ల ముందుంది. ఎముక విరిగింది, కట్టు పడింది, కాలు కదల్లేదు. కారణం పోయింది కాబట్టి గడ్డ మళ్లీ వచ్చే భయం చాలా తక్కువ. పెద్ద ఆపరేషన్ తర్వాత వచ్చినవాళ్లదీ ఇదే దారి. వాళ్లకు సాధారణంగా మూడు నెలలే చాలు. స్టీల్ ఫిక్సర్ తమ్ముడికి కారణమేదీ కనబడలేదు. కనబడలేదంటే లేదని కాదు, లోపల ఎక్కడో ఉంది, అది పోలేదు. గోలీ ఆపిన రోజు నుంచి కాపలాదారు లేని ఇల్లే. ఒకే జబ్బు పేరు, ఒకే గోలీ, ఒకే రూము. ఇద్దరి లెక్కలూ మాత్రం వేరు.

ఆ డాక్టరు లెక్కలు కూడా చూపించాడు. కారణం లేకుండా గడ్డ వచ్చి, గోలీలు ఆపేసిన వేలమంది వివరాలు కలిపి 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరిశీలన వచ్చింది. అలాంటివాళ్లు 100 మంది ఉంటే, మొదటి ఏడాదిలో 10 మందికి గడ్డ మళ్లీ వచ్చింది. అయిదేళ్లకు 25 మందికి, పదేళ్లకు 36 మందికి. మగవాళ్లలో ఇంకా ఎక్కువ, పదేళ్లకు 41. మా క్యాంపుల్లో ఉండేదంతా మగవాళ్లమే కదా, ఆ అంకె దగ్గర కాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

అయితే గోలీ మింగుతూ ఉండిపోవడమే క్షేమమా అంటే, దానికీ ఖరీదు ఉంది. 2021లో వచ్చిన ఇంకో పరిశీలనలో, గోలీలు ఎక్కువ కాలం కొనసాగించిన 100 మందిలో ఏడాదికి పెద్ద రక్తస్రావమైనవాళ్లు వార్ఫరిన్ వాడేవాళ్లలో ఇద్దరికి కాస్త తక్కువ, కొత్త మందులు వాడేవాళ్లలో ఒకరికి కొంచెం ఎక్కువ. వయసు 65 దాటినా, కిడ్నీలు బాగాలేకపోయినా, పక్కన నొప్పి గోలీలు మింగుతున్నా ఇది పెరుగుతుంది. పక్క బ్లాక్‌లో ఒక డ్రైవర్ మామ ఉండేవాడు. ఎప్పుడో రాసిన చీటీ పట్టుకుని మూడేళ్లు మందు మింగాడు, మధ్యలో ఎవరికీ చూపించలేదు. నడుం నొప్పికి రోజూ డైక్లోఫెనాక్ తోడు చేశాడు. ఒకరోజు తారులాగా నల్లటి విరేచనం. కడుపులో పుండు పడి రక్తం కారిందన్నారు. తమ్ముడు తొందరపడి ఆపాడు, మామ ఎవరినీ అడక్కుండా మింగుతూ పోయాడు. ఇద్దరూ చేసింది ఒకటే: గోలీ గురించి ఎవరితోనూ తిరిగి మాట్లాడలేదు.

మా అభిప్రాయం ఇదీ. గోలీ ఆపే తేదీని మన దగ్గర టికెట్ నిర్ణయిస్తోంది, ఓటీ నిర్ణయిస్తోంది, పక్క మంచం నిర్ణయిస్తోంది. ఇది మారాలి. గడ్డ వచ్చినవాడు ఆస్పత్రి నుంచి బయటికొచ్చే ముందు డాక్టరును అడగాల్సింది ‘ఎన్నాళ్లు మింగాలి’ అని కాదు. ‘నాకు ఎందుకొచ్చింది?’ అని. ‘మూడు నెలలకు మళ్లీ చూసేదెవరు, ఎక్కడ?’ అని. కారణం ఏమిటో డిశ్చార్జి కాగితం మీద రాయించుకోవాలి. కంపెనీ మారినా, దేశం మారినా, కరీంనగర్‌లో డాక్టరు ముందు కూర్చున్నా ఆ ఒక్క ముక్కే పనికొస్తుంది. మన దగ్గర ఎక్స్‌రేలు భద్రంగా పెట్టుకుంటారు, ఈ కాగితాన్ని మాత్రం ఏ టిఫిన్ డబ్బా కిందో పడేస్తారు.

కారణం లేని గడ్డ అయితే సాధారణంగా డాక్టర్లు ఆపే తేదీ పెట్టకుండా, ఏడాదికోసారైనా చూసి కొనసాగిస్తారు. అది జైలుశిక్షేం కాదు. రక్తస్రావం భయం పెరిగితే ఆపొచ్చు. ఆరు నెలలు నిండాక కొందరికి మోతాదు సగానికి తగ్గిస్తారు. రివరోక్సాబాన్ 20 ఎంజీ వాడేవాళ్లకు 10, అపిక్సాబాన్ అయిదు రెండు పూటలా వాడేవాళ్లకు రెండున్నర. ఇదీ డాక్టరు తగ్గించాల్సిందే, మనం గోలీ విరిచి మింగడం కాదు. క్యాన్సర్ ఉన్నవాళ్లది, రక్తంలోనే గడ్డకట్టే గుణం ఉన్నవాళ్లది వేరే లెక్క. కువైట్‌లో ఇళ్లల్లో పనిచేసే మన కడప, గోదావరి జిల్లాల అక్కచెల్లెళ్లు గర్భం రాకుండా, నెలసరి వాయిదా పడేందుకు గోలీలు వాడుతుంటే ఆ సంగతి దాచకుండా డాక్టరుకు చెప్పాలి. వాటిలో కొన్ని గడ్డకు కారణమవుతాయి. కారణం దొరికితే ఎన్నాళ్లన్న జవాబు కూడా మారిపోతుంది.

గోలీ మీద ఉండి సెలవు మీద ఊరికి పోయేవాళ్లకు ఇంకో మాట. కార్డు మీద మాకు ఒక్కోసారి నెలకు సరిపడా మందే ఇస్తారు. రెండు నెలల సెలవుంటే ముందే అడిగి రాయించుకోవాలి, లేదంటే మందు పేరు, మోతాదు ఉన్న చీటీ వెంట తీసుకెళ్లి హైదరాబాద్‌లో దిగగానే కొనుక్కోవాలి. ఇండియాలో ఈ మందులకు జనరిక్‌లు ఉన్నాయి. కొత్త మందులు ఒకటి రెండు రోజులు మానితే చాలు, కాపలా లేనట్టే. రివరోక్సాబాన్ 20 ఎంజీ అన్నంతో కలిపి మింగాలి, ఖాళీ కడుపున సరిగా ఒంటికి పట్టదు. తెల్లవారుజామున మూడింటికి లేచి ఛాయ్ తాగి బస్సెక్కే మనలాంటివాళ్లు రాత్రి భోజనంతో వేసుకోవడమే నయం. వార్ఫరిన్, అసిట్రోమ్ వాడేవాళ్లు రక్తపరీక్ష చేయించుకుంటూ ఉండాలి. ఐఎన్‌ఆర్ అనే అంకె మామూలుగా రెండు నుంచి మూడు మధ్య ఉండాలి. క్యాంపులో పప్పు, కోడికూర తిని తిని, ఇంటికి పోగానే నెల రోజులు తోటకూర, పాలకూర మీద పడితే ఆ అంకె కిందికి పోతుంది. ఆకుకూర మానక్కర్లేదు, ఎప్పుడూ ఒకే తీరుగా తింటే చాలు. ఒళ్లు నొప్పులని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర తుంటికి సూది వేయించుకోవద్దు. పన్ను పీకించుకోబోయే ముందు చెప్పాలి.

వీసా రెన్యువల్ మెడికల్‌లో దొరికిపోతామని కొందరు దాస్తున్నారు. ఆ పరీక్షలో చూసేది టీబీ, హెచ్‌ఐవీ లాంటి అంటువ్యాధులు. కాలిలో గడ్డ కాదు. దుబాయ్, అబుదాబిలలో ముందునుంచీ ఉన్న ఆరోగ్య బీమా నిబంధన 2025 జనవరి 1 నుంచి మిగతా ఎమిరేట్ల ప్రైవేటు ఉద్యోగులకూ తప్పనిసరైంది. ప్రొబేషన్ దాటినవాళ్లకు ఇక్కడి చట్టం ఏడాదికి 90 రోజుల సిక్ లీవు ఇస్తుంది. 15 రోజులు పూర్తి జీతం, 30 రోజులు సగం, మిగతా 45 జీతం లేకుండా. గొప్పగా ఉందని కాదు, కానీ ఉన్నదాన్ని వాడుకోకుండా దాచుకుని చావడమెందుకు?

ఇప్పుడు సాటి సూపర్‌వైజర్లకు, ఫోర్‌మన్లకు. తప్పు కార్మికుడొక్కడిదే అన్నట్టు రాస్తే మాకు నిద్ర పట్టదు. మా కంపెనీ మెడికల్ ఫారంలో రెండే గడులు ఉండేవి: ఫిట్, అన్‌ఫిట్. గోలీ మీద ఉన్నవాడు రెండింట్లో దేనికీ చెందడు. అన్‌ఫిట్ అంటే ఇంటికి పంపుతారని భయం, ఫిట్ కావాలంటే గోలీ ఆపాలి. మనిషిని ఈ మూలకు తోసింది ఆ కాగితమే, దాని మీద సంతకాలు పెట్టింది మేమే. మూడో గడి ఒకటి కావాలని గొడవపడ్డాం: ఎత్తు మీద, కటింగ్ మెషీన్ మీద తప్ప మిగతా పనికి ఫిట్. యార్డులో స్టీల్ లెక్క చూడటం, లారీ దిగుమతి టాలీ, హాయిస్ట్ దగ్గర సిగ్నల్, స్టోరు... ఎత్తు ఎక్కకుండా చేసే పని సైటు మీద బోలెడు. కొన్నాళ్లు నానబెట్టారు, చివరికి మా సైటుకు మాత్రం ఒప్పుకున్నారు. ఓటీ విషయంలో ఇంకా పూర్తిగా తేలలేదు, వారానికి రెండు రాత్రులు కాంక్రీటు టాలీకి ఇస్తున్నారు.

ఇట్లా చేస్తే ప్రతివాడూ గోలీ పేరు చెప్పి కింద కూర్చుంటాడని ఒక పాత ఇంజినీరు నవ్వాడు. ఆయనకు మేం చెప్పింది ఒకటే. మూడు నెలలకోసారి డాక్టరు కాగితం అడుగుదాం. ఓటీ వదులుకుని ఊరికే కింద కూర్చునే మనిషి మాకైతే ఈ పదేళ్లలో కనబడలేదు.

స్టీల్ ఫిక్సర్ తమ్ముడు ఇప్పుడు యార్డులో లెక్క చూస్తున్నాడు. రెండోసారి గడ్డ వచ్చింది కాబట్టి ఇక ఆపే మాట లేదని, ఆరు నెలలు దాటాక మోతాదు తగ్గించే వీలుందేమో చూద్దామని డాక్టరు అన్నాడు. ఈసారి ‘చూద్దాం’ అన్న మాటను అతను కాగితం మీద తేదీతో సహా రాయించుకున్నాడు. కార్పెంటర్ అన్న రాత్రి అన్నం పెట్టుకునేటప్పుడు ‘గోలీ ఏసుకున్నవా తమ్మీ’ అని అడుగుతున్నాడు. చెకప్ వచ్చే నెలలో ఉంది. సెలవు రోజు కాదు, డ్యూటీ రోజే. పర్మిషన్ చిట్టీ మీద మేం ముందే సంతకం పెట్టి ఇచ్చేశాం.